చదరపు మరమేకును కల్పించిన పీటర్ రాబర్ట్సను గారి చరిత్ర

గత వేసవి సెలవులకు ముందు మన పాఠశాలకొక చిన్న పనిముట్ల సంచిని కూర్చు పని నాకు అప్పగింపబడెను. తరగతి బల్లల మరలు బిగించుటకును, హార్మోనియము మూత విప్పుటకును, ప్రయోగశాలలోని బీరువా బందులు సరిచేయుటకును చేతబట్టుకొని గది గదికి పోదగిన సంచి యది. సుత్తి, పట్టకారు, చిన్న పానా తేలికగనే కుదిరినవి. చిక్కంతయు స్క్రూడ్రైవరు దగ్గర వచ్చెను. అంగడివాడు పొట్టి పిడి గల రాచెట్ డ్రైవరు నొకదానిని నా ముందుంచి, దాని ప్రక్కన ముప్పదిరెండు బిట్టులు గల డబ్బీ నొకదానిని తెరచెను. ఒక్క మరమేకును త్రిప్పుటకు ముప్పదిరెండు కొనలేల యని నేనడిగితిని. మరమేకుల తలలు అన్ని రకములుగా నుండుటచేతనే యని అతడు నవ్వుచు చెప్పెను. ఇన్ని తలలు ఏల పుట్టినవో తెలిసికొనవలెనని ఇంటికి వచ్చి పుస్తకములు తిరుగవేయగా నొక మనుష్యుని చరిత్ర నాకు దొరకెను. ఆ డబ్బీలోని నాలుగు మూలల చిన్న కొన నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది.

చరిత్రలోనికి పోవుటకు ముందు చిన్న తరగతుల వారికొరకు కొంత చెప్పవలసియున్నది. మరమేకు అనగా మనము స్క్రూ అని పిలుచు, ఒడలిపై మెలికలు గల మేకు. సుత్తితో కొట్టిన మేకు చెక్కను ఒత్తుకొని దిగును. మరమేకు త్రిప్పిన కొలది తన త్రోవను తానే కోసికొనుచు దిగును. త్రిప్పుటకు దాని తలపై ఏదో యొక పట్టు ఉండవలెను. చాల కాలము వరకు ఆ పట్టు ఒక అడ్డుగాడి మాత్రమే. రంపముతో తలమీద ఒక గీత కోసిన చాలును గనుక చేయువానికి అది సులభము; త్రిప్పువానికి కష్టము. డ్రైవరు కొన గాడిలో ప్రక్కకు జరుగును. బలము పెట్టగానే వెలుపలికి జారును. మరమేకును ఎడమచేత నిలిపి కుడిచేత త్రిప్పవలెను గనుక జారిన కొన మొదట పొడుచునది ఎడమచేతినే. మన చేతిపనుల గదిలో ఇట్టి గాయము పొందనివారు అరుదు. నా బొటనవ్రేలి మొదట నున్న మచ్చ కూడ అట్టిదే. శిక్షణ కళాశాలలో చదువు దినములలో నొక నల్లబల్ల చట్రమును బిగించుచు దానిని సంపాదించుకొంటిని.

పీటర్ లింబర్నర్ రాబర్ట్సను 1879వ సంవత్సరము డిశెంబరు 10వ తేదీన కెనడా దేశమందలి ఒంటారియో రాష్ట్రములో, హాల్డిమండ్ మండలమునకు చేరిన సెనెకా అను ప్రాంతమున జన్మించెను. ఒంటారియో పేరు మన కోస్తా జిల్లాల క్రైస్తవ కుటుంబములకు క్రొత్తది కాదు. 1874వ సంవత్సరము నుండి కాకినాడలో నెలకొని తెలుగువారి నడుమ పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషనరీలలో పెక్కురు ఆ దిక్కునుండి వచ్చినవారే. మన రాబర్ట్సను మాత్రము సముద్రము దాటి మన దేశమునకు వచ్చినవాడు కాడు. ఆయన జీవితమంతయు ఒక చిన్న లోహపు ముక్క చుట్టును తిరిగినది.

యౌవనమున ఆయన ఫిలడెల్ఫియా నగరపు పనిముట్ల కంపెనీ యొకదాని తరఫున తూర్పు కెనడాలో తిరిగి సరకు అమ్ముచుండెను. అది అంగడిలో కూర్చుండి చేయు వ్యాపారము కాదు. వీధి మూలలయందును పల్లెటూరి సంతలయందును నిలువబడి, గొంతెత్తి జనమును పిలిచి, వారి కన్నులయెదుటనే పనిముట్టును వాడి చూపి అమ్మవలెను. మన తీర్థములలో కూరగాయలు తరుగు బిళ్లను చేతబట్టి, మాటలాడుచునే గంపెడు ముల్లంగిని తరిగి చూపువానిని చూచినవారికి ఈ వృత్తి యెట్టిదో తెలియును. అట్టివానికి చేతినేర్పు, నోటినేర్పు రెండును కావలెను. పదిమంది యెదుట పనిముట్టు మొరాయించెనా, ఆ పూట బేరము పోయినట్లే.

ఖాళీ వేళలలో ఆయన తన పనిగదిలో కూర్చుండి క్రొత్త వస్తువులను కల్పించుచుండెను. బిరడాలు తీయు మరను మేలుపరచెను. చొక్కా ముంజేతి గుండీలకు క్రొత్త రీతి కనిపెట్టెను. ఎలుకల బోనును కూడ విడువలేదు. వీనివలన ఆయనకు ధనము రాలేదు. ఆ కల్పనలలో ఒకటి నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. ఇరువదవ శతాబ్దపు పానా-బ్రేసు అని దానికి పేరు పెట్టెను. అదియొక్కటే రంధ్రములు తొలచు బ్రేసుగాను, పానాగాను, స్క్రూడ్రైవరుగాను, బల్ల వైసుగాను, రివిట్టు పనిముట్టుగాను ఉపయోగించునట్లు చేసెను. సంచి మోయువానికి అయిదు పనిముట్లకు బదులు ఒక్కటే చాలునని తోచుట సహజమే. నాకును అంగడిలో అట్లే తోచెను. అయితే అయిదు పనులు చేయబూనిన పనిముట్టు తరచుగా ఒక్కదానినైనను చక్కగా చేయదు. రాబర్ట్సను గారి పానా-బ్రేసు కూడ జనాదరణ పొందలేదు.

ఇట్లుండగా 1906 ప్రాంతమున మాంట్రియల్ నగరపు వీధిలో ఆయన జీవితమును త్రిప్పివేసిన సంగతి జరిగెను. త్రోవన పోవువారు కొందరు గుమిగూడి చూచుచుండగా ఆయన స్ప్రింగు గల స్క్రూడ్రైవరు నొకదానిని ప్రదర్శించుచుండెను. ఆ కాలమున అట్టి పనిముట్లు గొప్ప ఆకర్షణ. వానిలో పేరుపొందిన రకమున మెలికల గాళ్లు చెక్కిన ఉక్కుకడ్డీ పిడిలోపల అమరియుండును. పిడిని ముందుకు నొక్కినంతనే కడ్డీ తిరుగును. వదలగానే స్ప్రింగు పిడిని వెనుకకు త్రోయును. లోపలి రాచెట్ మరమేకును వెనుకకు తిరుగనీయక నిలుపును. మణికట్టు త్రిప్పు శ్రమ లేకయే మరమేకు గబగబ దిగును గనుక చూచువారికి అది ఇంద్రజాలము వలె నుండును. దానిలో నొక అపాయము కూడ గలదు. అరచేతి బలమంతయు ముందువైపునకే పోవును. కొన గాడినుండి తప్పెనా, ఆ బలమంతయు ఎదుట నున్నదానిపై పడును. ఆ దినమున జరిగినది అదియే. కొన గాడినుండి జారి ఆయన చేతిని గాయపరచెను. ఈ వృత్తాంతమును తరువాత ఆయనయే చెప్పుచుండెను.

గాయపడినవాడు సామాన్యముగ పనిముట్టును దూషించును. రాబర్ట్సను గారి చూపు పనిముట్టును విడిచి మరమేకు తలమీదికి పోయెను. డ్రైవరు ఎంత వింతదైనను, దాని కొనను పట్టి నిలుపలేని గాడి యున్నంత కాలము చేయి భద్రముగ నుండదని ఆయన గ్రహించెను. తలలో నాలుగు పలకల గుంట యుండి, అందులో నాలుగు పలకల కొన దూరినచో అది ఏ ప్రక్కకును జరుగదు. గుంట లోనికి పోను పోను కొంచెముగ సన్నగిల్లినచో కొన అందులో బిగిసి నిలుచును. మరమేకును చేత పట్టకయే డ్రైవరు కొనకు తగిలించి ఒంటిచేత చెక్కకు ఆనింపవచ్చును. అప్పుడు రెండవ చేయి అపాయస్థలమున ఉండనే యుండదు.

చదరపు గుంట అను తలంపు ఆయనతోనే పుట్టినది కాదు. 1875లోనే న్యూయార్కు నివాసియగు అలన్ కమింగ్సు అనునతడు దానికి పేటెంటు పొందియుండెను. మరమేకు తల మిక్కిలి చిన్నది. చల్లని లోహమున పోటుముద్రతో గుంట వేయబోయినచో తల పగులును, లేదా బలహీనమగును. ఆ కారణముచే పూర్వులు తలచినది అంగడికి రాలేదు. రాబర్ట్సను గారి ఘనత ఇక్కడనే యున్నది. ఆయన పోటుముద్ర ప్రక్కలను సన్నగిల్లజేసి, అంచులను ఏటవాలుగ చెక్కి, అడుగును పిరమిడు ఆకారముగ మలచెను. అట్టి ముద్రతో కొట్టినప్పుడు లోహము ముందునకు నెట్టబడక ప్రక్కలకు ఒదుగుచు వ్యాపించెను. రంపముతో కోయునప్పుడు లోహము పొట్టుగా వ్యర్థమగును. ఇక్కడ రవ్వంత లోహమును పోలేదు. 1907లో ఆయన పేటెంటు కొరకు దరఖాస్తు చేసెను. 1909లో అది లభించెను. చేతి గాయమునకును పేటెంటు పత్రమునకును నడుమ గడచినది ఇంచుమించు మూడు సంవత్సరములు. ఎలుకల బోను మొదలుకొని ఆయన చేసిన పాత కల్పనలన్నియు ఆ మూడేండ్లకు శిక్షణ యైనవని నా అభిప్రాయము.

కల్పన యున్నను కార్ఖానా కావలెనుగదా. టొరంటో నగరమునకు పడమటనున్న మిల్టన్ అను చిన్న పట్టణపు పెద్దలను ఆయన ఒప్పించెను. వీధిలో జనమును నిలిపిన నోటినేర్పు ఇచ్చట అక్కరకు వచ్చినది. పట్టణమువారు పది వేల డాలర్ల అప్పును, పన్నుల సడలింపును అనుగ్రహించిరి. 1908లో కార్ఖానా ఆరంభమయ్యెను. అయిదేండ్లలోపుగనే తీగె లాగు శాలను, యంత్రములకు శక్తి నిచ్చు గృహమును స్వంతముగ కట్టుకొని డెబ్బదియైదుగురికి పని కల్పించెను. పడవలు కట్టువారును, కుర్చీలు బల్లలు చేయువారును ఆయన మరమేకులను ముందుగ మెచ్చిరి. మెరుగు పెట్టిన బల్లపై డ్రైవరు ఒకసారి జారినచో పడు గీత వారి వారము దినముల శ్రమను చెడగొట్టును. చదరపు గుంటలో అట్టి భయము తక్కువ.

తరువాత ఆయన ఆశ ఇంగ్లండువైపు మరలెను. అక్కడ తన మరమేకులను చేయుటకు నొక కంపెనీకి హక్కు నిచ్చెను. ఈ వ్యవహారము ఆయనకు చేదుగ ముగిసెను. ఆ కంపెనీ దివాలా తీయగా హక్కులు ఆయన ఒడంబడికను దాటి పరుల చేతికి పోయినవి. తన కల్పనను తానే తిరిగి కొనుటకు ఆయన పెద్ద మొత్తమును వ్యయము చేయవలసి వచ్చెను. కష్టపడి కట్టిన ఇంటిని వేలములో తానే పాడుకొన్నవాని బాధ వంటిది అది. ఈ బాధను మనస్సున నుంచుకొనినగాని ఆయన తరువాత చేసిన నిర్ణయము మనకు అర్థము కాదు.

కెనడాలో ఫోర్డు మోటారు కార్లకు పైభాగములను కట్టుచుండిన ఫిషర్ కంపెనీవారు రాబర్ట్సను మరమేకులను విరివిగ వాడుచుండిరి. అప్పటి మోడల్ టి కారు పైభాగమున కొయ్యపని మెండు. ఒక్కొక్క కారునకు నాలుగు మొదలు ఆరు గ్రోసుల మరమేకులు పట్టుచుండెను. గ్రోసుకు 144 గనుక 576 మొదలు 864 వరకు నని మన గణిత విద్యార్థులు లెక్కించుకొనవచ్చును. ఒక్కొక్క మరమేకు దగ్గర కొన్ని క్షణములు మిగిలినను కారు మొత్తముమీద రెండు గంటల వరకు పని తగ్గెనని చెప్పుదురు. నిమిషములను లెక్కించుటలో హెన్రీ ఫోర్డు గారికి మించినవారు లేరు. ఆ మరమేకులు తన కార్ఖానాలన్నిటికిని కావలెనని ఆయన కోరెను. కాని అంత ముఖ్యమైన వస్తువు ఒక్క చిన్న పట్టణపు కార్ఖానాపై ఆధారపడియుండుట ఆయనకు ఇష్టము లేకపోయెను. ఎక్కడ, ఎట్లు, ఎంత చేయవలెనో నిర్ణయించు అధికారము తనకు కావలెననెను. రాబర్ట్సను గారు ఒప్పుకొనలేదు. ఒకమారు పరునికి హక్కు నిచ్చి నష్టపోయినవాడు రెండవమారు ఆ త్రోవన పోనొల్లకపోయెను. ఒడంబడిక కుదరలేదు.

ఇది సరియైన నిర్ణయమేనా? పై తరగతి విద్యార్థులకు ఈ కథ చెప్పినప్పుడు వారు రెండు పక్షములుగ చీలిరి. ఫోర్డు వంటివాని చేయి పట్టుకొనియుండినచో చదరపు మరమేకు ఖండములన్నిటను వ్యాపించియుండునని కొందరు వాదించిరి. తన పేరిట వచ్చు సరకు మంచిదో చెడ్డదో తాను చూడలేని చోట హక్కు నిచ్చుట బిడ్డను సంతలో విడుచుట వంటిదని మరికొందరు వాదించిరి. నేను రెండవ పక్షమువారి బాధను గ్రహింతును గాని, మొదటి పక్షమువారి లెక్కయే సరియైనదని తలంచుచున్నాను. మిల్టన్ పనివారికి జీతములు నిలిచినవి, సరకు నాణెము నిలిచినది, నిజమే. అయినను చేతులు గాయపడకుండ చేయదగిన వస్తువు కెనడా సరిహద్దుల లోపలనే చాల కాలము నిలిచిపోయెను. వెలుపలి దేశములలోని కార్ఖానాలు వేరొక తలను వెదకుకొనినవి.

ఆ వేరొక తల త్వరలోనే దొరకెను. అమెరికాలోని పోర్టులాండు నగరవాసియగు హెన్రీ ఫిలిప్సు గారు జాన్ థాంప్సను అనువాని కల్పనను కొని, దానిని మేలుపరచి, 1936లో పేటెంట్లు పొందెను. మనము ప్లస్సు గుర్తు మరమేకు అని పిలుచునది ఇదియే. ఫిలిప్సు గారు తాము కార్ఖానా పెట్టక, అడిగిన కంపెనీలకు హక్కుల నిచ్చుచు పోయిరి. కాడిలాక్ కార్లలో అది మొదట చోటు సంపాదించెను. కొలది సంవత్సరములలోనే అమెరికాలోని మరమేకుల కంపెనీలలో అధికభాగము దానిని చేయుచుండెను. బిగింపులో అది చదరపు గుంటకు సాటిరాదు. ఎక్కువ బలము పెట్టినచో కొన పైకి తేలి జారును. రెండు మూడు మారులు జారినచో గుంట అంచులు అరిగి గుండ్రమగును. హార్మోనియము మూతకు నున్న మరలలో రెండింటి గతి ఇదియే. అయినను లోకమంతట వ్యాపించినది ఆ ప్లస్సు తలయే. ఒకరు గుప్పిట బిగించిరి, ఒకరు విప్పిరి. వడ్రంగి సంచిలో బిట్టుల సంఖ్య పెరిగెను.

రాబర్ట్సను గారు 1951వ సంవత్సరమున మరణించిరి. అప్పటికి ఆయన మరమేకు కెనడాలో ఇంటింటి వస్తువై యుండెను; నేటికిని ఆ దేశపు వడ్రంగులు దానినే ముందుగ అడుగుదురు. పేటెంట్ల గడువు తీరిన పిమ్మట ఇతరులును చదరపు గుంట మరలను చేయసాగిరి. అమెరికాలోను బీరువాలు, వంటింటి అరలు చేయువారు వానిని వాడుచున్నారు. డ్రైవరు పిడుల రంగును బట్టి పరిమాణమును గుర్తించు ఏర్పాటు కూడ వాడుకలో గలదు: పసుపు సున్న, ఆకుపచ్చ ఒకటి, ఎరుపు రెండు, నలుపు మూడు. చదువు రాని పనివాడు సైతము రంగును చూచి సరియైన దానిని తీసికొనగలడు. ఈ సంగతి నాకు ఎంతయు నచ్చినది.

ఇక మన సంచి మాట. ఈ చరిత్ర చదివిన పిదప అంగడికి పోయినప్పుడు నేను చూచిన వస్తువులు వేరు. మొదటిమారు పిడి మెరుగును, బిట్టుల సంఖ్యను చూచితిని. రెండవమారు మన పాఠశాలలోని మరల తలలను చూచి వెళ్లితిని. బల్లలు, బీరువాలు, విద్యుద్దీపముల మీటలు అన్నియు ఒక కాగితముపై వ్రాసికొనగా నాలుగైదు రకములకు మించి తేలలేదు. అందుచేత ప్లస్సు కొనలు ఒకటవ, రెండవ నంబరులవి, అడ్డుగాడి కొనలు చిన్నదొకటి, పెద్దదొకటి, ఆరు పలకలది ఒకటి ప్రధానముగ ఏరుకొంటిని. ప్లస్సు కొన నంబరు తప్పినచో మర తల పాడగును గనుక ఒకదానితో రెండింటి పని గడుపరాదు.

డ్రైవరు లోపల పళ్లచక్రమును, దానికి అడ్డుపడు నాలుకయు ఉండును. చేయి వెనుకకు త్రిప్పునప్పుడు చక్రము టకటకమని జారును; ముందుకు త్రిప్పునప్పుడు మరమేకుతో కలిసి తిరుగును. చక్రమునకు 36 పళ్లున్నచో చేయి పది డిగ్రీలు కదలనిదే తరువాతి పన్ను పట్టదు. 72 ఉన్నచో అయిదు డిగ్రీలు చాలును. బల్ల క్రింద, బీరువా మూలలో చేయి తిరుగ చోటు లేనప్పుడు ఈ భేదము తెలియును. పొట్టి డ్రైవరు కొనుటకు కారణమే అట్టి ఇరుకు చోట్లు గనుక నేను సన్నని పళ్లదానినే కోరితిని. అయితే పళ్లు సన్నగిలిన కొలది ఉక్కు మంచిదై యుండవలెను. చవుక సరకులో అవి త్వరగా అరుగును. ముందుకు, వెనుకకు, కదలకుండ నిలుచుటకు మూడు స్థానములు గల మీట యుండవలెను. చివరి బిగింపును కదలని స్థానమున పెట్టి చేసినచో పళ్లకు శ్రమ తగ్గును. ఆ మీట అరచేతి ఒత్తిడికి తనంతట తాను మారకుండునట్లున్నదా యని అంగడిలోనే బిగించి, విప్పి చూచితిని. బిట్టు మొదలు దూరు ఆరుపలకల గుంట వెడల్పు 6.35 మిల్లీమీటరులని అడిగి తెలిసికొంటిని. ఒక బిట్టు పోయినను ఆ కొలతది ఎక్కడనైనను దొరకును. గుంట అడుగున అయస్కాంతము కలదు. తలక్రిందుగ పట్టినను బిట్టు రాలదు.

పిడిలోపల ఆరు బిట్టులు పట్టును. అయిదు నిండినవి. ఆరవ అరలో ఏమి యుంచవలెనని అంగడివాడు అడుగగా, డబ్బీలోనుండి రెండవ నంబరు చదరపు కొనను తీయించితిని. దానికి పనికివచ్చు మరమేకు మన పాఠశాలలో ఒక్కటియు లేదు. చేతిపనుల గదిలో చేరిన పిల్లలు దానిని బయటికి తీసి, ఇది దేనికని అడుగుచున్నారు.